స్పానిష్ రైడింగ్ స్కూల్, వియన్నా

స్పానిష్ రైడింగ్ స్కూల్ ఆస్ట్రియా రాజధాని వియన్నాలో, హోఫ్‌బుర్గ్ రాజప్రాసాదంలో ఉన్న గుర్రపు స్వారీ విద్యాలయం. లిపిజానర్ జాతి మగ గుర్రాలకూ వాటినెక్కే రౌతులకూ ఇక్కడ శిక్షణ ఇస్తారు. అన్ని విద్యలూ నేర్చిన గుర్రం తయారవడానికి సుమారు ఆరేళ్లు, పూర్తిస్థాయి రౌతు కావడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. ఈ ఓర్పే విద్యాలయానికి పునాది.

పూర్వరంగం

స్వారీ శిక్షణలో ఓర్పు అవసరమని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనోఫోన్ రాశాడు. కోపంగా ఉన్నప్పుడు గుర్రంతో వ్యవహరించకూడదనీ, బలవంతాన చేయించిన పనిలో అందం ఉండదనీ ఆయన బోధ. 1550లో ఇటలీకి చెందిన ఫెడెరికో గ్రిసోనే ప్రచురించిన గ్రంథం స్వారీ విద్యకు ఐరోపాలో కొత్త ఆదరణ తెచ్చింది. అయితే మొండికేసే గుర్రాన్ని కఠినంగా దండించాలని అందులో ఉంది.

ఫ్రాన్స్‌లో 13వ లూయీకి స్వారీ నేర్పిన ఆంత్వాన్ ద ప్లువినెల్ (1555–1620) దండనకు బదులు బుజ్జగింపును, మెచ్చుకోలును ముందుకు తెచ్చాడు. ఆ దారిని ఫ్రాంస్వా రొబిషాన్ ద లా గెరినియేర్ (1688–1751) శాస్త్రబద్ధం చేశాడు. గుర్రం ముందుకు సాగుతూనే భుజాలను గోడ నుంచి కాస్త లోపలికి తెచ్చే అభ్యాసాన్ని ఆయన వివరించాడు. దీనివల్ల లోపలివైపు వెనుక కాలు పొట్ట కిందికి పడి, రౌతు బరువు మోసే బలం క్రమంగా వస్తుంది. 1733 నాటి ఆయన గ్రంథమే వియన్నా శిక్షణకు నేటికీ ఆధారం.

స్థాపన

హోఫ్‌బుర్గ్ పక్కన స్వారీ మైదానం ఉన్నట్టు దొరికే తొలి ఆధారం 1565 నాటిది. స్పెయిన్ నుంచి వచ్చిన గుర్రాల వల్ల విద్యాలయానికి ఈ పేరు ఏర్పడింది. 1580లో ఆర్చ్‌డ్యూక్ చార్లెస్ నేటి స్లొవేనియాలోని లిపిజాలో గుర్రాల పెంపక కేంద్రం నెలకొల్పాడు. లిపిజానర్ జాతి పేరు ఆ ఊరిదే. 6వ చార్లెస్ చక్రవర్తి కాలంలో, 1729–1735 మధ్య, వాస్తుశిల్పి యోజెఫ్ ఎమాన్యుయెల్ ఫిషర్ ఫాన్ ఎర్లాక్ ప్రస్తుత స్వారీ మందిరాన్ని నిర్మించాడు. లోపలికి వచ్చే రౌతులు ఈనాటికీ ఆ చక్రవర్తి చిత్తరువుకు టోపీ తీసి వందనం చేస్తారు.

శిక్షణ క్రమం

లిపిజానర్ పిల్లలు ముదురు రంగులో పుడతాయి, చాలావరకు 6 నుంచి 10 ఏళ్ల మధ్య తెల్లబడతాయి. ఎంపికైన మగ గుర్రాలు నాలుగేళ్ల ప్రాయంలో వియన్నా చేరతాయి. అప్పటికి వాటి వెన్నెముక ఎముకలు ఇంకా పూర్తిగా ముదరవు. అందుకే తొలి ఏడాది పొడవైన తాడుతో వలయంగా తిప్పడం, జీనుకూ రౌతు బరువుకూ అలవాటు చేయడం, సహజమైన నడకలో తిన్నగా ముందుకు సాగించడం వరకే నేర్పుతారు. రెండో దశలో మలుపులు, పక్కవాటు అడుగులు వస్తాయి. మూడో దశలో ఉన్నచోటే లయగా అడుగులు వేసే పియాఫ్, వెనుక కాళ్ల చుట్టూ తిరిగే పిరోయెట్ వంటివి నేర్పుతారు. గాలిలోకి దుమికి వెనుక కాళ్లు విసిరే కాప్రియోల్ వంటి విన్యాసాలు సహజ నైపుణ్యమున్న కొన్నింటికే దక్కుతాయి. ఒక పాఠం స్థిరపడనిదే మరో పాఠం మొదలుపెట్టరు. ఇలా తయారైన గుర్రాల్లో కొన్ని ఇరవై ఏళ్లు దాటాక కూడా ప్రదర్శనలిస్తాయి.

కొత్తగా చేరిన శిష్యుణ్ణి ముందుగా అనుభవమున్న గుర్రం మీద, పగ్గాలూ రికాబులూ లేకుండా కూర్చోబెడతారు. అతడికి ఆసనం నేర్పేది ఆ గుర్రమే. ఆరితేరాక అతడు పసి గుర్రానికి గురువవుతాడు.

త్వరిత పద్ధతులపై వివాదం

19వ శతాబ్దంలో ఫ్రాంస్వా బోషే కొద్ది కాలంలోనే గుర్రాన్ని తయారుచేయవచ్చని ప్రకటించి, 1842లో తన పద్ధతిని ప్రచురించాడు. జర్మన్ గురువు గుస్తావ్ స్టైన్‌బ్రెక్ట్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. గుర్రం శరీరాన్ని క్రమమైన వ్యాయామంతోనే తీర్చిదిద్దాలన్న ఆయన రచన, మరణానంతరం 1886లో వెలువడింది. వియన్నా పాత క్రమాన్నే నిలుపుకుంది.

ఆధునిక యుగం

1918లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కూలాక గుర్రాలను ఇటలీ, ఆస్ట్రియా పంచుకున్నాయి. 1920 నుంచి ఆస్ట్రియా వంతు గుర్రాల పెంపకం పీబర్‌లో సాగుతోంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ కాంస్య పతకం గెలిచిన అలోయిస్ పొదాయ్‌స్కీ, 1939 నుంచి పాతికేళ్లకు పైగా విద్యాలయాన్ని నడిపాడు. 1945 మే నెలలో ఆయన ఏర్పాటుచేసిన ప్రదర్శన చూసిన అమెరికన్ జనరల్ ప్యాటన్ గుర్రాలకు రక్షణ కల్పించాడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల వియన్నా విడిచిన విద్యాలయం 1955లో తిరిగి అక్కడికి చేరింది. 2008లో తొలిసారి యువతులను శిక్షణకు చేర్చుకున్నారు.

యంత్రాల కాలంలోనూ ఇక్కడ శిక్షణ గడువు కుదించలేదు, ఎముక ముదరడానికీ నమ్మకం కుదరడానికీ అడ్డదారి లేదు గనుక. ఈ స్వారీ విద్యను యునెస్కో 2015లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.