చెడ్డజాతి కుక్క: ఒక నింద చరిత్ర

నన్నయ ఆంధ్ర మహాభారతంలో కథ మొదలైన కొద్దిసేపటికే ఒక కుక్కతల్లి రాజు ముందుకు వచ్చి న్యాయం అడుగుతుంది. జనమేజయుని యజ్ఞభూమి దగ్గర ఆడుకుంటున్న తన బిడ్డను రాజు తమ్ములు కొట్టారు. వాడు చేసిన తప్పేమిటన్నది సరమ ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు లేదు. కుక్కకు జరిగిన అన్యాయం చరిత్రకూ సాహిత్యానికీ తగిన విషయం కాదనేవారికి ఈ ఘట్టం ఒక్కటే చాలు. సారమేయుని అతడు చేసిన పనిని బట్టి కొట్టలేదు, పుట్టుకను బట్టి కొట్టారు. మన కాలంలో పుట్టుకను బట్టి శిక్ష అనుభవిస్తున్న కుక్కలలో మొదటిది పిట్‌బుల్.

చంపదలచుకున్న కుక్కకు పిచ్చికుక్క అని పేరు పెడతారనే మాట మన వాడుకలో వున్నదే. ఆ మాటలో పేరు పెట్టేవాడి సంగతి వుంది, పేరు మోసే కుక్క సంగతి వుంది. కాని దానిని పెంచుకునేవాడి సంగతి లేదు. పిట్‌బుల్ చరిత్రను జాగ్రత్తగా పరిశీలిస్తే కీలకమంతా ఆ మూడోవాడి దగ్గరే వున్నట్టు తెలుస్తుంది. యజమాని ఏ వర్గంవాడో దానిని బట్టే ఈ కుక్క పేరు పెరిగింది, తరిగింది. జాతి మీద వేసిన నింద నిజానికి వర్గం మీద వేసిన నింద.

ఈ కుక్క పూర్వీకులు ఇంగ్లండువి. గుంజకు కట్టిన ఎద్దు మీదికి కుక్కలను ఉసిగొలపడం ఆ దేశంలో శతాబ్దాలపాటు సాగిన వినోదం. అది పేదల వినోదం మాత్రమే కాదు. కట్టివేసిన ఎలుగుబంటి మీదికి కుక్కలను వదిలితే చూసి ఆనందించినవారిలో మొదటి ఎలిజబెత్తు రాణి కూడా వున్నది. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి పెద్దమనుషులకు ఈ క్రీడ మోటుగా కనిపించసాగింది. దీనిని నిషేధించాలని 1802లో వచ్చిన బిల్లు పార్లమెంటులో వీగిపోయింది. దానిని వ్యతిరేకించిన విలియం విండ్‌హామ్ ధనికులు వేటాడుతూ పేదల క్రీడను మాత్రం నిషేధించడం ఏమి న్యాయమని వాదించాడు. విండ్‌హామ్ పేదల పక్షపాతి కాదు; పాత ఆచారాల పక్షపాతి. అయినా అతని వేలు సరిగ్గా పుండు మీదే పడింది. 1809లో సిడ్నీ స్మిత్ కూడా, దురాచార నిర్మూలన సంఘాలవారికి ఏడాదికి అయిదువందల పౌన్ల లోపు రాబడి వున్నవారి దురాచారాలే కనబడతాయని ఎద్దేవా చేశాడు. చివరకు 1835లో ఎద్దుపోట్లాటలు, కుక్కపోట్లాటలు చట్టవిరుద్ధమయ్యాయి. క్రూరత్వాన్ని నిషేధించడం మంచిదే. అయితే గుర్రాలెక్కి వేటకుక్కలతో నక్కను తరిమి చీల్పించే దొరల క్రీడకు ఇంగ్లండు, వేల్సులలో నిషేధం 2004 దాకా రాలేదు. పేదవాడి క్రూరత్వానికీ ధనికుడి క్రూరత్వానికీ మధ్య చట్టం ఉంచిన దూరం 169 సంవత్సరాలు.

1835 తరవాత కుక్కపందాలు చాటుకు పోయాయి. ఎద్దును దాచడం కష్టం, రెండు కుక్కలను దాచడం తేలిక. బొగ్గుగనులు, ఇనుపకొలుములు నిండిన స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో బుల్‌డాగ్‌ను టెర్రియర్‌తో కలిపి చిన్నదీ చురుకైనదీ అయిన పందెపు కుక్కను తయారుచేశారు. మన గోదావరి జిల్లాలలో సంక్రాంతికి కోడిని దించే బరి వంటిదే ఆ కుక్కల బరి. ఇక్కడ వొక విషయం గమనించాలి. కాట్లాటలో పడ్డ కుక్కలను మనిషి బరిలోకి దిగి చేత్తో విడదీయాలి. మనిషిని కరిచే కుక్క పందెగాళ్ళకు పనికిరాదు. తోటి కుక్క మీద కసి, మనిషి పట్ల అణకువ: ఈ రెండూ కోరి పెంచిన కుక్క ఇది. పని దిగి వచ్చిన కార్మికుల ఇరుకు ఇళ్ళలో మనుషుల మధ్యనే అది పెరిగింది.

వలస వెళ్ళినవారితో పాటు ఈ కుక్క అమెరికా చేరింది. అక్కడ 1898లో యునైటెడ్ కెన్నెల్ క్లబ్ దీనిని అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్ పేరుతో నమోదు చేసింది. పెద్దమనుషుల సంస్థ అయిన అమెరికన్ కెన్నెల్ క్లబ్‌కు బరి వాసన గిట్టలేదు. 1936లో అది అదే రక్తపు కుక్కలను స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ అనే గౌరవమైన పేరు పెట్టి చేర్చుకున్నది. వొకే కుక్క రెండు పుస్తకాలలో రెండు పేర్లతో నమోదైన సందర్భాలున్నాయి. ఉదయం పిట్‌బుల్, సాయంత్రం స్టాఫర్డ్‌షైర్! జాతి అనేది రక్తంలో వున్నదా, రిజిస్టరులో వున్నదా అని అడగడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అంతేకాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వాలెస్ రాబిన్సన్ గీసిన వొక బొమ్మలో వొక్కొక్క దేశాన్ని వొక్కొక్క కుక్కగా చూపించారు. అందులో అమెరికాకు ప్రతినిధి పిట్‌బుల్. ‘అవర్ గ్యాంగ్’ పేరుతో వచ్చిన పిల్లల సినిమాలలో కంటిచుట్టూ వలయం వున్న కుక్కదీ ఈ జాతే. అప్పట్లో దీనిని ఎవరూ నరహంతకి అనలేదు. అదే యుద్ధంలో చెడ్డపేరు జర్మను కుక్కలకు పోయింది. జర్మన్ షెపర్డ్‌ను 1919లో బ్రిటిషు కెన్నెల్ క్లబ్ నమోదు చేసినప్పుడు ‘జర్మన్’ అనే మాట లేకుండా అల్సేషన్ అని రాసుకున్నది. అసలు పేరు మళ్ళీ 1977లో గాని రాలేదు. ఇది గొర్రెలను చంపే తోడేలు సంతతి అనే భయంతో 1929లో ఆస్ట్రేలియా దాని దిగుమతిని నిషేధించింది. అదే కుక్క తరవాత లోకమంతటా పోలీసు శాఖలకు గర్వకారణమైంది. కుక్క మారలేదు, గొలుసు పట్టుకున్న చెయ్యి మారింది.

పిట్‌బుల్ విషయంలో మార్పు దీనికి తలకిందులుగా జరిగింది. 1976లో రాష్ట్రాల మధ్య సాగే కుక్కపందాలను అమెరికా కేంద్రప్రభుత్వం నేరంగా ప్రకటించడంతో పత్రికల చూపు వీటిమీద పడింది. అవి ఫ్యాక్టరీలు మూతపడి నగరాల నడిబొడ్డు శిథిలమవుతున్న రోజులు. పోలీసు రక్షణ దొరకని నల్లవారి పేటలలో, లాటిన్ అమెరికన్ పేటలలో బలమైన కుక్క వొక తలుపుగడియ. కొందరు కుర్రవాళ్ళకు అది మరెక్కడా దొరకని గౌరవం. ఆ కోరికను చూసి కోపిష్టి కుక్కలను ఈనించి అమ్ముకున్న వ్యాపారులూ బయలుదేరారు. 1987లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక కోరలు చూపుతున్న పిట్‌బుల్‌ను ముఖచిత్రంగా వేసింది. 1989లో డెన్వర్ నగరం, మయామీ-డేడ్ కౌంటీ ఈ కుక్కను పెంచుకోవడాన్నే నిషేధించాయి. పేట మీది భయం కుక్క రూపం ధరించింది. పేదల్ని ఊరు విడిచిపొమ్మని చట్టం అనలేదు. కుక్కను వదులుకో, లేదా ఊరు వదులుకో అన్నది. ఇంటి యజమానులు, బీమా కంపెనీలు తమ వంతు పని చేశారు: ఈ కుక్క వున్నవాడికి అద్దె ఇల్లు దొరకడం కష్టం, బీమా దొరకడం కష్టం.

బ్రిటనులో 1991 మేలో వొక ఆరేళ్ళ పాప మీద పిట్‌బుల్ దాడి చేసింది. దేశం అట్టుడికింది. కొద్దివారాలలో ప్రమాదకర కుక్కల చట్టం తయారైంది. పిట్‌బుల్‌తో పాటు మరి మూడు రకాలను అది నిషేధించింది. ఆ మూడూ బ్రిటనులో కనిపించడమే అరుదు. అప్పటి హోంమంత్రి కెనెత్ బేకర్ తరవాత రాసుకున్న ఆత్మకథలో, రాట్‌వైలర్, డోబర్‌మన్, అల్సేషన్లను కూడా చేర్చివుంటే పల్లెసీమల సంపన్న మధ్యతరగతి మండిపడేదని వొప్పుకున్నాడు. ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి? ఏ పళ్ళు పదునైనవన్నది కాదు, ఏ యజమాని వోటు బరువైనదన్నది ఆ చట్టానికి కొలమానం.

ఆ చట్టం ప్రకారం కుక్క ఎవరినీ కరవనక్కరలేదు. దాని తల వెడల్పు, రొమ్ము తీరు పిట్‌బుల్‌ను పోలివుంటే చాలు. కాదని నిరూపించుకోవలసిన భారం యజమానిది. 1992లో డెంప్సీ అనే కుక్క లండనులో వొక సాయంత్రం షికారుకు వెళ్ళింది. అది చట్టప్రకారం నమోదైన కుక్క. దానికి వాంతి వస్తుంటే వెంట వున్నవాడు మూతిబుట్ట విప్పాడు. పోలీసులు పట్టుకున్నారు, చంపమని కోర్టు తీర్పు చెప్పింది. ఆ కుక్క మూడేళ్ళకు పైగా బోనులో మరణశిక్ష కోసం ఎదురుచూసి, 1995లో హైకోర్టు దయతో కాదు, విచారణలో జరిగిన లోపం వల్ల బయటపడింది. అది ఎవరినీ కరవలేదు.

పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసే ఈ తర్కం మనకు కొత్తది కాదు. మనుషులను కుక్కలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. పోలిక వున్నదల్లా పాలకుల ఆలోచనాసరళిలోనే. బ్రిటిషు ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం వెనక కూడా, వడ్రంగం తండ్రినుంచి కొడుక్కు వచ్చినట్టే దొంగతనమూ వస్తుందనే వాదముంది. 1911లో అది మద్రాసు రాజధానికి విస్తరించింది. ఎరుకలవారిని తీసుకువచ్చి కట్టుబాట్లలో వుంచిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ తర్కం కట్టిన ఊరే. 1952లో ఆ తెగలను జాబితానుంచి తొలగించినా, ఆ ఊరి పేరు చెబితే చులకనగా చూసే చూపు అంత తొందరగా తొలగలేదు. జాబితా రాయడానికి వొక రోజు చాలు, చెరపడానికి తరాలు పడుతుంది.

అయితే కుక్కకాటుకు చనిపోయిన పిల్లల సంగతేమిటని అడగవచ్చు. ఆ ప్రశ్నను దాటవేసే హక్కు మనకు లేదు. పిట్‌బుల్ బలమైన కుక్క. అది కరిస్తే గాయం పెద్దది. తోటి కుక్కలతో పోట్లాట దాని పెంపకంలో వున్నదే. ఆ మాటకొస్తే ఏ పెద్దకుక్క బలమూ తక్కువది కాదు. బలానికీ దుర్మార్గానికీ తేడా వుంది. 2007లో వర్జీనియాలో మైకేల్ విక్ అనే ధనిక ఫుట్‌బాల్ ఆటగాడి పందేలశాలనుంచి 50 దాకా కుక్కలను పట్టుకున్నారు. పందెపుకుక్కలు పనికిరావని అంతకు ముందు అందరినీ చంపేసేవారు. ఈసారి వొక్కొక్కదాన్నీ విడివిడిగా పరీక్షిస్తే, ఆగ్రహస్వభావం కారణంగా చంపవలసి వచ్చింది వొక్కదానినే. చాలా కుక్కలు ఇళ్ళకు చేరాయి. 2008 డిసెంబరులో అదే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ఆ కుక్కలలో వొకదాన్ని ముఖచిత్రంగా వేసి, ఇరవయ్యొక్క ఏళ్ళ కిందటి తన బొమ్మకు తానే జవాబు చెప్పింది. 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన 18,000కు పైగా కుక్కల వివరాలు సేకరించి, కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాలలో జాతి వివరించగలిగింది దాదాపు 9 శాతమేనని తేల్చింది.

ఇక చట్టం పిల్లలను కాపాడిందా? ఇంగ్లండులో కుక్కకాటుతో ఆసుపత్రి చేరినవారు 1998లో లక్షకు సుమారు 6గురు. 2018 నాటికి సుమారు 15గురు. ఈ ఇరవై ఏళ్ళూ నిషేధం అమలులోనే వున్నది. 2023 చివర XL బుల్లీ అనే మరో రకాన్ని జాబితాకు చేర్చారు. వొక పేరును నిషేధిస్తే వ్యాపారి మరో పేరుతో మరో కుక్కను పుట్టిస్తాడు. డెన్వర్ పౌరులు 2020లో వోటు వేసి నిషేధాన్ని తీసి అనుమతి పద్ధతి పెట్టుకున్నారు.

మన దేశంలో 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకాలను ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధం వున్నవారిని సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న దానిని కొట్టివేసింది. జాబితా పోయింది గాని జాబితా రాయాలనే బుద్ధి పోయిందని చెప్పలేం. జాబితా రాయడం తేలిక, చవక. కుక్కను ఇరవైనాలుగు గంటలూ గొలుసుకు కట్టి, కొట్టి, ఆకలికి మాడ్చి కసి నేర్పే యజమానిని పట్టుకోవడం, సంతానోత్పత్తిని సరుకుల వ్యాపారం చేసినవాడిని లెక్క అడగడం, పందెం మీద డబ్బు కాచినవాడిని బోనెక్కించడం కష్టం. వాళ్ళలో పలుకుబడి గలవారుంటారు.

కాబట్టి అభ్యుదయవాదులు అడగవలసినది కుక్కకు మినహాయింపు కాదు, నేరానికి సరైన చిరునామా. కరిచిన కుక్క ఏదైనా సరే, దాని యజమాని జవాబు చెప్పాలి. పుట్టించి అమ్మినవాడు లైసెన్సు చూపాలి. కరవని కుక్క, దానిని అన్నం పెట్టి పెంచుకునే పేదవాడు నిర్భయంగా వీధిలో నడవగలగాలి. పుట్టుకను బట్టి కుక్కను చంపే చట్టానికి మనం అలవాటుపడితే, పుట్టుకను బట్టి మనిషిని అనుమానించే చట్టాన్ని ఎదిరించే గొంతు మనకు మిగలదు.