ఆనుకోవడానికి ఒక కొండ

1565 జనవరిలో రక్కసి తంగడి దగ్గర జరిగిన యుద్ధంలో విజయనగరాన్ని నడుపుతున్న అళియ రామరాయలు హతుడయ్యాక, తమ్ముడు తిరుమలరాయలు పేరుకు చక్రవర్తి అయిన సదాశివరాయలను వెంటబెట్టుకుని పెనుకొండ చేరాడు. ఇలాంటి ఘట్టానికి ఇంగ్లీషులో రాసేవాళ్లకు చేతికందే క్రియ ‘ఫాల్ బ్యాక్’. ఒట్టిగా వాడితే దెబ్బతిన్న సేన వెనక్కి తగ్గిందని అర్థం. చివర ‘ఆన్’ చేరిందా, సంగతి వేరు: పంట పోయిన ఏడు గాదెలో దాచిన గింజలు తీసుకున్నట్టు, ఎప్పుడో సిద్ధం చేసి ఉంచుకున్న ఆసరాను పట్టుకోవడం. పెనుకొండ కథను మనం మొదటి అర్థంలోనే చెప్పుకుంటున్నాం. నిజానికి రెండోదే దానికి తగినది.

కోట ఉత్తర ద్వారం దగ్గర 1354 నాటి శాసనం ఉంది. బుక్కరాయలు ఈ సీమను కొడుకు వీర విరుపణ్ణకు అప్పగించాడనీ, మంత్రి అనంతరసు కోట కట్టించాడనీ అది చెబుతోంది. విజయనగరం పుట్టి రెండు దశాబ్దాలైనా నిండని రోజులవి. ఆ తర్వాత తుళువ నరసనాయకుడు ఇమ్మడి నరసింహరాయలను నిర్బంధంలో ఉంచిందీ ఇక్కడే. రాజును బంధించి ఉంచాలంటే గోడలు గట్టివైతే చాలదు, కాపలా సేన కూడా నమ్మకమైనదై ఉండాలి.

అంత ముందుచూపే ఉంటే రాజధానిని దోపిడీకి వదిలేస్తారా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఓటమి వెంట జరిగింది ముమ్మాటికీ పరుగే. అయితే 1567లో నెలల తరబడి విజయనగరంలో గడిపిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ సాక్ష్యం ఒకటుంది. తిరుమలరాయలు నగరానికి తిరిగివచ్చి జనాన్ని మళ్లీ నిలబెట్టాలని చూశాడనీ, కొలువు పెనుకొండకు మారింది ఆ ఏడేననీ ఆయన రాశాడు. పరుగుకూ ఈ మార్పుకూ నడుమ రెండేళ్లున్నాయి. పాడుబడిన ఊరిని కళ్లారా చూసి, బాగుచేయబోయి, కుదరదని తేల్చుకుని చేసిన ఎంపిక ఇది.

తర్వాత చంద్రగిరికి వెళ్లిపోయారు కదా, ఇక ఆసరా ఏపాటిదన్నది మరో అభ్యంతరం. 1589 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను కులీ కుతుబ్ షా స్వయంగా వచ్చి పెనుకొండను ముట్టడించాడు. అప్పటి విజయనగర రాజు వేంకటపతిరాయలు సంధి మాటలు నడిపాడు. సుల్తాను సేన కాస్త వెనక్కి జరిగింది. ఆ సందులో రాయల పక్షంలోని జగదేవరాయలు బలగంతో, తిండిగింజలతో కోటలోకి చేరిపోయాడు. మళ్లీ ముట్టడించినా లాభం లేకపోయింది. వానలు దగ్గరపడుతుంటే దారిలో కృష్ణ పొంగుతుందని సుల్తాను వెనుదిరిగాడు. రాయలు చంద్రగిరికి మారింది ఆ తర్వాతే, కోట చేజారి కాదు.