ఐర్లండ్ బడి మెట్లు: ఐరిష్ పేర్లు, హైస్కూలు జ్ఞాపకాలు

ఐర్లండ్‌లో బడి చదువులోని ప్రతి మెట్టుకూ ఇంగ్లీషు పేరుతో పాటు ఐరిష్ పేరూ ఉంది. ఆ దేశ రాజ్యాంగం 8వ అధికరణం ఐరిష్‌ను జాతీయ భాషగా, మొదటి అధికార భాషగా గుర్తించింది. అయినా పిల్లల్లో అత్యధికులు చదివేది ఇంగ్లీషు మీడియంలోనే. 2022 జనాభా లెక్కల్లో సుమారు 18.7 లక్షల మంది తమకు ఐరిష్ వచ్చునన్నారు. బడి బయట దాన్ని రోజూ మాట్లాడేవారు మాత్రం 72 వేలకు మించలేదు. అందుకే చాలామంది ఐరిష్‌వారికి ఈ భాషంటే ముందు తరగతి గదే గుర్తొస్తుంది.

మెట్లు, వాటి పేర్లు

ఐరిష్ మాధ్యమంలో నడిచే శిశుపాఠశాల ‘నీన్ర’. ప్రాథమిక పాఠశాల ‘బున్‌స్కొల్’. ‘బున్’ అంటే అడుగు, పునాది. అందులో మొత్తం ఎనిమిదేళ్లు: ముందు చిన్న శిశువులు, పెద్ద శిశువులు అనే రెండు తరగతులు, ఆపైన ‘రాంగ్ అ హేన్’ (ఒకటో తరగతి) నుంచి ఆరో తరగతి దాకా. పన్నెండేళ్ల ప్రాయంలో పిల్లలు హైస్కూలుకు వెళతారు. అక్కడ లెక్క మళ్లీ ‘మొదటి సంవత్సరం’ నుంచి మొదలవుతుంది.

పేర్ల చిక్కు హైస్కూలు దగ్గరే. జనం వాడుకలో అది ‘మ్యాన్‌స్కొల్’, అంటే మధ్య పాఠశాల. సరిగ్గా చెప్పాలంటే ఆ మాట ఎక్కువగా క్రైస్తవ మఠ సంఘాలు నడిపిన, పుస్తకాల చదువుకు పేరుపడ్డ బడులది. 1930 వృత్తి విద్యా చట్టం కింద చేతిపనులు నేర్పిన బడి ‘గారిమ్‌స్కొల్’. తర్వాత వచ్చిన సామాజిక పాఠశాల ‘పొబల్‌స్కొల్’. వీటన్నిటినీ కలిపి ప్రభుత్వం వాడే మాట ‘ఈర్-వున్‌స్కొల్’, ప్రాథమికానంతర పాఠశాల. కచ్చితమైన మాటే కానీ, నోట్లో నలిగే మాట కాదు. ఏ బడికి వెళ్లారన్నది ఒకప్పుడు కుటుంబ స్తోమతను కూడా చెప్పేది.

పరీక్షను బట్టి వయసు

హైస్కూలు పరీక్షలకు మూలం 1878 నాటి ఇంటర్మీడియట్ విద్యా చట్టం. విద్యార్థుల ఫలితాలను బట్టి బడికి సొమ్ము ముట్టే పద్ధతి దానిది. ఐరిష్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు పాట్రిక్ పియర్స్ ఈ పరీక్షల విద్యను మనుషుల్ని చంపే యంత్రమని 1916లో ఒక కరపత్రంలో దుయ్యబట్టాడు. అప్పటికే ఆయన 1908లో డబ్లిన్‌లో ‘స్కొల్ ఏన’ అనే ద్విభాషా పాఠశాల పెట్టి నడుపుతున్నాడు. తర్వాత వచ్చిన స్వతంత్ర ఐర్లండ్ ప్రభుత్వం ఫలితాలకు సొమ్ము పద్ధతిని తీసేసింది. పరీక్షలు మాత్రం పేర్లు మార్చుకుని నిలిచాయి.

ఆ పేర్లలో ఒకటి ‘ఇంటర్’. తెలుగు పాఠకుడు ఇక్కడ పొరబడే అవకాశం ఉంది. అది మన ఇంటర్ కాదు. పదిహేనేళ్ల వయసులో, మూడో సంవత్సరం చివర రాసే పరీక్ష. 1992 నుంచి దాని స్థానంలో జూనియర్ సర్టిఫికెట్ వచ్చింది, అదీ 2014 తర్వాత కొత్త రూపానికి మారింది. కాబట్టి ‘నేను ఇంటర్ రాసినప్పుడు’ అన్న మనిషి 1970ల మధ్యకు ముందు పుట్టినవాడని దాదాపుగా చెప్పేయవచ్చు. మూడో ఏడుకూ ఐదో ఏడుకూ నడుమ ‘ఇదిర్‌వ్లీన్’ ఉంటుంది. 1974లో మొదలైన ఈ సంధి సంవత్సరంలో పెద్ద పరీక్ష ఉండదు. నాటకాలు వేస్తారు, ఏదో ఒక పనిచోట అనుభవం సంపాదిస్తారు.

చివరి పరీక్ష ‘ఆర్డ్‌టెష్టిమేరఖ్త్’, ఇంగ్లీషులో లీవింగ్ సర్టిఫికెట్, 1925 నుంచి సాగుతోంది. జూన్‌లో ఈ పరీక్షలు మొదలయ్యేసరికి ఎండ కాస్తుందని అక్కడ గట్టి నమ్మకం. అలాంటి రోజుల్ని ‘లీవింగ్ సర్ట్ వాతావరణం’ అంటారు. నడివయసులోనూ ఈ పరీక్ష కలలోకి వచ్చి ఉలిక్కిపడి లేచేవాళ్లు కొల్లలు.

1967కు ముందు, తర్వాత

హైస్కూలు జ్ఞాపకాలను రెండుగా చీల్చే గీత 1966 సెప్టెంబరు 10న పడింది. ఆనాడు డబ్లిన్ దగ్గరి డన్ లేరిలో పాత్రికేయుల సభలో విద్యామంత్రి డోనహ్ ఓమాలీ ఉచిత హైస్కూలు విద్యను ప్రకటించాడు. ఆర్థిక శాఖ అనుమతి లేకుండానే! ప్రాథమిక విద్యతోనే ముగ్గురిలో దాదాపు ఒకరి చదువు ఆగిపోతోందన్నది ఆయన వాదన. మరుసటి ఏడు పథకం అమలైంది. దూరపు పల్లెల పిల్లలకు ఉచిత బస్సులు వచ్చాయి. ఓమాలీ 1968 మార్చిలో చనిపోయాడు. అంతకుముందు తరం జ్ఞాపకాల్లో ఫీజు కట్టలేక పొలం పనికో ఓడ రేవుకో వెళ్లిన అన్నలూ అక్కలూ తరచూ కనిపిస్తారు.

ఐరిష్ పాఠం మీద మాత్రం ఈ రెండు తరాలకూ ఒకే రకమైన ఫిర్యాదు. 1973 వరకు ఐరిష్‌లో తప్పితే లీవింగ్ సర్టిఫికెట్టే తప్పినట్టు. దానికి తోడు దెబ్బలు: బడిలో కొట్టడం 1982లో గానీ నిషేధం కాలేదు. 1936లో అచ్చయిన పెగ్ సేయర్స్ ఆత్మకథ ‘పెగ్’ దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకంగా ఉంది. బ్లాస్కెట్ దీవిలో కష్టాలు పడ్డ ఆ ముసలావిడ పేరెత్తితే ఆనాటి విద్యార్థులు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. ఆమె గొప్ప కథకురాలు. పరీక్ష కోసం చదవాల్సి రావడం వల్లే ఆ పుస్తకానికి అపకీర్తి వచ్చిందనాలి.

భాష మొత్తం మరిచినవాళ్లకూ రెండు ముక్కలు మిగులుతాయి. ఒకటి హాజరు పిలిచినప్పుడు చెప్పే ‘అన్‌షొ’, అంటే ఇక్కడ ఉన్నానని. రెండోది ‘అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గొ దీ అన్ లెహ్రస్?’ మరుగుదొడ్డికి వెళ్లడానికి అనుమతి అడిగే ఈ వాక్యాన్ని ఐరిష్‌లో చెబితేనే పంపేవారు. విదేశాల్లో ఇద్దరు ఐరిష్‌వాళ్లు కలిస్తే దీన్ని తలచుకుని నవ్వుకోవడం మామూలే.

ఐరిష్ మాధ్యమం

అన్ని పాఠాలూ ఐరిష్‌లో చెప్పే ప్రాథమిక బడి ‘గేల్‌స్కొల్’, హైస్కూలు ‘గేల్‌ఖొలాష్టె’. ఇంగ్లీషు మీడియం పిల్లలకు దీనికి దగ్గరి అనుభవం వేసవి కళాశాల. ఐరిష్ మాట్లాడే పశ్చిమ తీర పల్లెల్లో మూడు వారాలు, ‘బాన్ అ తీ’ అనే ఇంటావిడ దగ్గర బస, రాత్రుళ్లు ‘కేలీ’ నృత్యాలు. ఇంగ్లీషులో మాట్లాడుతూ పదేపదే దొరికితే ఇంటికి పంపేస్తారు.

ఉత్తర ఐర్లండ్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కావడంతో అక్కడి ఐరిష్ మాధ్యమ పిల్లలు బ్రిటిష్ తరహా పరీక్షలే రాస్తారు. బెల్‌ఫాస్ట్‌లో 1991లో మొదలైన ‘కొలాష్టె ఫెర్ష్టె’ అక్కడి తొలి ఐరిష్ మాధ్యమ హైస్కూలు. తరగతుల లెక్క కూడా వేరు: హైస్కూలు తొలి ఏడు డబ్లిన్‌లో ‘మొదటి సంవత్సరం’, బెల్‌ఫాస్ట్‌లో ‘ఎనిమిదో సంవత్సరం’.