పేరు పిలుచు తీరు

1955 ఏప్రిల్ 18వ తేదీన ఇండొనీషియాలోని బాండుంగ్ నగరమున 29 ఆసియా, ఆఫ్రికా దేశముల ప్రతినిధులు సమావేశమైరి. సభ జరిగిన భవనము పూర్వము డచ్చివారి వినోదశాల, దానిపేరు కాంకార్డియా. సభకు కొలది దినముల ముందు దానికి 'గెదుంగ్ మెర్దెకా', అనగా స్వాతంత్ర్య భవనము, అని పేరు మార్చిరి. స్వతంత్రులైనవారు తమ పేరును తామే చెప్పుకొన గోరుదురని దీనివలన గ్రహింపవచ్చును.

ఆ సభకు వచ్చినవారి పేర్లనే పరిశీలింతము. ప్రారంభోపన్యాస మొసగిన సుకర్ణో మన భారతములోని కర్ణుని పేరు ధరించినవాడు. జావా భాషలో తుది అకారము ఒకారమువలె వినబడుటచే కర్ణుడు 'కర్ణో' అయ్యెను. ఆయనకు పేరదొక్కటే. అది చాలదనుకొని కొన్ని పాశ్చాత్య పత్రికలు ముందొక 'అహమ్మద్'ను తగిలించినవి!

బర్మా ప్రధాని ఊ ను పేరులో 'ఊ' అనునది పేరు కాదు. మన 'శ్రీ' వంటి గౌరవవాచకము. 1961 నుండి 1971 వరకు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా నుండిన ఊ థాంట్ గారి పేరును థాంట్ మాత్రమే. 'మిస్టర్ ఊ థాంట్' అన్నచో ఆయనను శ్రీశ్రీశ్రీ పీఠాధిపతుల వరుసకు చేర్చినట్లగును.

చైనా ప్రధాని చౌ ఎన్ లై పేరులో 'చౌ' వంశనామము. ఇంటిపేరు ముందు, ఒంటిపేరు వెనుక. తెలుగువారి సంప్రదాయమును నిదియే. చివరి మాటయే వంశనామమని తలచు దేశములలో మన ఒంటిపేరే ఇంటిపేరుగా లెక్కకు వచ్చుచుండుట మనవా రెరిగినదే.

అచ్చులోని తప్పును కన్ను క్షమించును గాని, చెవి క్షమింపదు. కనుకనే బి.బి.సి. వారు 1926లోనే ఉచ్చారణ విషయమున నొక సలహాసంఘము నేర్పరచి, కవి రాబర్ట్ బ్రిడ్జెస్‌ను అధ్యక్షుని గావించిరి. తమ పేరు ఆంగ్లమునందును తమ పలుకుబడి ననుసరించియే యుండవలెనని తుర్కియే ప్రభుత్వము కోరగా, 2022 జూన్‌లో ఐక్యరాజ్యసమితి యందుకు సమ్మతించెను.

అన్యభాషాధ్వను లన్నియు మన నాలుకకు లొంగవు. అందుకు సిగ్గుపడ నక్కరలేదు. సభకు ముందు అతిథిని సమీపించి, "తమ పేరెట్లు పలుకవలెను?" అని యడిగి, విన్నదానిని మన లిపిలో వ్రాసికొనిన చాలును. మన పేరులోని ళకారమును లకారముగా పలికినచో మనము నొచ్చుకొనమా? ఆ నొప్పి పరులకును గలదని తలచుటయే ఈ మర్యాదకు మూలము.