తెరచాప స్తంభం మీద నిద్ర: మద్యం, చట్టం, మగతనం



మద్యపానం సంగతి వచ్చినప్పుడల్లా మనం సామెతల గ్రంథము 23వ అధ్యాయం తెరుస్తాం. దాని చివరి వచనాల్లో ఒక పోలిక ఉంది. నడిసముద్రంలో ఓడ ఊగిపోతుంటే తెరచాప స్తంభం పైన పడుకుని నిద్రపోయే మనిషిలా ఉంటాడట త్రాగుబోతు. దెబ్బ తగిలినా వాడికి తెలియదు. మెలకువ రాగానే మళ్ళీ సీసా వెతుక్కుంటాడు. ఈ మాటలు ధ్యానించేటప్పుడు మనం ఆ స్తంభం మీద ఉన్నవాణ్ణే చూస్తాం. కానీ ఓడలో వాడొక్కడే లేడు. క్రింద ఇంకా మనుషులు ఉన్నారు. వాళ్ళ ప్రాణాల మాటేమిటి? ఈ ప్రశ్న అడగడానికి లోకంలోని చట్టాలకు చాలా కాలం పట్టింది. ఆ చరిత్రను ఈ వారం కాస్త వివరంగా ధ్యానిద్దాం.

ఇంగ్లండులో 1872లో మద్యం లైసెన్సుల చట్టం వచ్చింది. త్రాగిన మైకంలో బండిని గానీ, గుర్రాన్ని గానీ, పశువులను గానీ, ఆవిరి యంత్రాన్ని గానీ నడిపిస్తే నేరమని అందులో వ్రాశారు. అప్పటికి రోడ్ల మీద మోటారు కార్లు లేవు. 1897 సెప్టెంబరు 10న లండన్‌లో జార్జ్ స్మిత్ అనే టాక్సీ డ్రైవరు త్రాగి తన బండిని ఒక భవనానికి గుద్దాడు. త్రాగి మోటారు బండి నడిపినందుకు శిక్ష పడిన మొదటి మనిషి అతడేనని చరిత్ర చెబుతుంది.

మన దేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టం కూడా త్రాగి నడపడాన్ని నేరమన్నది. అయితే ఒక మెలిక ఉంది. బండిని అదుపులో ఉంచుకోలేనంతగా త్రాగి ఉంటేనే నేరం. అంటే తూలుతున్నాడా, మాట తడబడుతోందా అని చూడాలి. మన ఊళ్ళలో ఈ రోజుకీ వినిపించే మాట ఇదే కదా: “తాగాడు గానీ, బండి బాగానే నడుపుతాడులే.” పాత చట్టం ఆ మాటకు చోటిచ్చింది. త్రాగినవాడు తనకు తానే సాక్షి అయిపోయాడు. స్తంభం మీద నిద్రపోయేవాణ్ణి లేపి “ఏమయ్యా, ఓడ బాగానే పోతోందా?” అని అడిగినట్టు ఉంది ఈ వ్యవహారం.

ఈ పద్ధతిని మార్చినవారిలో ఒక స్త్రీ ముఖ్యురాలు. బార్బరా కాసిల్ అనే ఆమె 1960లలో బ్రిటన్ రవాణా మంత్రి. 1967లో ఆమె తెచ్చిన రహదారి భద్రతా చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. తూలినా తూలకపోయినా అంతే. పోలీసులు ఊపిరి పరీక్ష చేసే యంత్రం అప్పుడే రోడ్డెక్కింది. ఆమెకు కారు నడపడం రాదు. దాన్ని పట్టుకుని వెక్కిరించారు. ఆడదానికి, అందులోనూ డ్రైవింగు రాని ఆడదానికి, రోడ్ల సంగతి ఏం తెలుసన్నారు. తిట్లతో, బెదిరింపులతో ఉత్తరాలు వచ్చాయి. ఆమె వెనక్కి తగ్గలేదు. చట్టం వచ్చిన మొదటి ఏడాదిలోనే ఆ దేశపు రోడ్ల మీద మరణాలు తగ్గాయి.

మన దేశపు 1988 మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షను ఈ సంగతిని చూస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటకూడదు. ఇది ఇంగ్లండు పరిమితి కంటే చాలా కఠినమైనది. 2019 సెప్టెంబరు 1 నుండి మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే 15,000 రూపాయల జరిమానా, లేదా రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండూ. “బాగానే నడుపుతాడులే” అన్న మాటకు ఈ చట్టంలో చోటు లేదు.

నీటి మీద కూడా ఇదే పాఠం. 1989 మార్చి 24న అమెరికాలోని అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ఓడ బండరాళ్ళకు కొట్టుకుంది. కోటి గ్యాలన్లకు పైగా ముడి చమురు సముద్రంలో కలిసింది. పక్షులు, చేపలు, వాటి మీద బ్రతికే జాలరి కుటుంబాలు, అన్నీ దెబ్బతిన్నాయి. ఓడ బయలుదేరే ముందు కెప్టెను ఒడ్డున మద్యం త్రాగాడు. ఓడ తట్టుకున్న సమయంలో అతడు చుక్కాని దగ్గర లేడు. అయితే రక్త పరీక్ష జరిగేసరికి చాలా గంటలు గడిచిపోయాయి. త్రాగి ఓడ నడిపాడన్న ఆరోపణను జ్యూరీ 1990లో కొట్టివేసింది. నిర్లక్ష్యంగా చమురు ఒలకబోసిన నేరం మాత్రమే నిలబడింది. వేళకు కొలవకపోతే నిజం కూడా ఆవిరైపోతుందని ఆ కేసు నేర్పింది.

ఇక తల్లుల సంగతి చూద్దాం. 1980 మే నెలలో కాలిఫోర్నియాలో క్యాండీ లైట్నర్ అనే తల్లి పదమూడేళ్ళ కూతురు కేరీని పోగొట్టుకుంది. గుద్దినవాడు త్రాగి ఉన్నాడు. అంతకు ముందు కూడా అదే నేరానికి పట్టుబడినవాడే. ఆ రోజుల్లో ఇలాంటివాటిని ‘యాక్సిడెంటు’ అని తీసిపారేసేవారు. ఆ తల్లి ఒప్పుకోలేదు. త్రాగి నడిపేవారికి వ్యతిరేకంగా తల్లుల సంస్థను అదే సంవత్సరం స్థాపించింది. 1984లో మద్యం కొనే కనీస వయస్సును 21 ఏళ్ళకు పెంచేలా రాష్ట్రాల మీద ఒత్తిడి తెచ్చే కేంద్ర చట్టం అమెరికాలో వచ్చింది. ఆ తల్లుల పోరాటం అందుకు ఒక పెద్ద కారణం.

ఇలాంటి తల్లులు మన గడ్డ మీదా లేచారు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులవి. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు తమ బ్రతుకు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో పల్లె పల్లెకూ చేరుతోంది. ఊళ్ళో మంచినీళ్ళు దొరకకపోయినా సారా దొరికేది. 1991–92 కాలంలో దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మగారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట కథ చదువు పుస్తకంలో పాఠంగా వచ్చింది. అది చదివి ప్రక్క ఊళ్ళ స్త్రీలు లేచారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఎన్.టి. రామారావుగారు మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దాన్ని సడలించారు. ప్రభుత్వానికి ఆదాయం కావాలి, దొంగసారా ఆగడం లేదు అన్నారు. ఆ లెక్కల్లో ఇంట్లో దెబ్బలు తిన్న ఆడకూతురి లెక్క ఎక్కడా లేదు.

ప్రియులారా, ఈ ముగ్గురి కథలు ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడండి. మంత్రి పదవిలో ఉన్న ఆమెకు, కూతుర్ని పోగొట్టుకున్న ఆమెకు, కూలి పనికి వెళ్ళే ఆమెకు ఎదురైన గోడ ఒక్కటే. త్రాగడం మగవాడి సంగతి, ఓర్చుకోవడం ఆడదాని సంగతి అన్నదే ఆ గోడ.

ఈ గోడకు రంగులు వేసేది ప్రకటనలు. మన దేశంలో కేబుల్ టీవీలో మద్యం ప్రకటనలు నిషేధం. 2000లో ఆ నియమాన్ని గట్టిపరిచారు. అప్పుడు కంపెనీలు దొడ్డిదారి పట్టాయి. అదే పేరుతో సోడా, అదే పేరుతో పాటల సీడీలు అమ్ముతున్నట్టు చూపించాయి. సీసా కనబడదు, పేరు మాత్రం పిల్లల నోట్లో నానుతుంది. ఒక విస్కీ కంపెనీ ప్రకటనలు మగవాళ్ళు మగవాళ్ళే అనే అర్థమిచ్చే నినాదంతో ఏళ్ళ తరబడి నడిచాయి. భార్య కళ్ళు కప్పడం, పరాయి స్త్రీని ఓరగా చూడడం నవ్వుకునే సంగతులని అవి నేర్పాయి. ఒక బీరు కంపెనీ 2003 నుండి ఈతదుస్తుల్లో ఉన్న యువతుల బొమ్మలతో క్యాలెండరు అచ్చువేసింది. ఇంట్లో స్త్రీ మీద పడే దెబ్బ ఏ ప్రకటనలోనూ కనబడదు. అందమైన బొమ్మగా మాత్రం ఆమె కనబడుతుంది.

స్త్రీని కాపాడుతున్నామంటూ ఆమెనే కట్టేసిన చట్టాలూ ఉన్నాయి. 1914 నాటి పంజాబు ఎక్సైజు చట్టం మద్యం వడ్డించే చోట స్త్రీలు పనిచేయకూడదన్నది. అది ఢిల్లీలో కూడా అమలులో ఉండేది. 2007లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. భద్రత ఇవ్వవలసిన ప్రభుత్వం ఆమె ఉపాధి తీసివేయడం న్యాయం కాదని చెప్పింది. మద్యం వడ్డించే పని మన సంఘపు బిడ్డలకు తగినదని మేము చెప్పడం లేదు, అది స్త్రీకైనా పురుషునికైనా అంతే. కానీ ఆ తీర్పులో మనం వినవలసిన మాట ఒకటుంది. త్రాగినవాడు తప్పు చేస్తాడేమోనని త్రాగనిదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం నీతి కాదు.

2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండకూడదని, రహదారుల వెంబడి మద్యం ప్రకటనలు తీసివేయాలని ఆదేశించింది. 2017 మార్చిలో 20,000 జనాభా లోపు ఊళ్ళకు ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించారు. కోర్టు దుకాణాన్ని దూరం జరపగలదు. మనిషి మనసులో ఉన్న దుకాణాన్ని జరపడం కోర్టు పని కాదు. అది వాక్యం పని, సంఘం పని.

కాబట్టి మనం ఏం చేయాలి? మిరప కోతలకు మన అక్కచెల్లెళ్ళు ఆటోల్లో క్రిక్కిరిసి వెళ్తారు. డ్రైవరు నోట్లో వాసన వస్తే ఎక్కనని చెప్పే హక్కు వారికుంది. ఆ రోజు కూలి పోతుందన్న భయంతో ఎక్కుతారు. ఆ భయం తీర్చవలసింది సంఘమే. అలా దిగిపోయిన ఆడకూతురి ఒక రోజు కూలి సంఘం పెట్టెలో నుండి ఇవ్వలేమా? పెండ్లి విందుల్లో, క్రిస్మస్ రాత్రుల్లో త్రాగి ఉన్న కుర్రవాడి బండి తాళం చెవి తీసుకునే పని పెద్దలు చేయాలి. అతని భార్యనో తల్లినో ముందుకు తోయకూడదు. ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన సహోదరికి “ఓర్చుకో అమ్మా, ప్రార్థన చేయి” అని ఒక్క మాట చెప్పి పంపివేయడం సరిపోదు. మొదటి సమూయేలు 25వ అధ్యాయంలో అబీగయీలు ఓర్చుకుని కూర్చోలేదు. భర్త నాబాలు మూర్ఖత్వం ఇంటివారందరి మీదికి చావు తెస్తుంటే ఆమె గాడిదనెక్కి ఎదురు వెళ్ళింది. లేఖనం ఆమెను సుబుద్ధి గలదిగానే చూపిస్తుంది.

చివరిగా ఒక్క మాట. సామెతలు 31వ అధ్యాయాన్ని మనం గుణవతియైన భార్య అధ్యాయమని పిలుస్తాం. స్త్రీల కూడికల్లో ఎక్కువగా చదువుతాం. కానీ ఆ అధ్యాయం మొదట్లో ఉన్నది ఒక తల్లి తన కొడుకుకు చెప్పిన బుద్ధి. రాజువైన నీవు త్రాగితే దిక్కులేనివాళ్ళ న్యాయం మరచిపోతావు అని లెమూయేలు తల్లి హెచ్చరించింది. చేతిలో అధికారం ఉన్నవాడికి ఆ మాట. ఈ రోజుల్లో చేతిలో స్టీరింగు ఉన్న ప్రతివాడూ కాసేపు రాజే, వెనుక కూర్చున్నవారి ప్రాణాలు అతని చేతిలోనే ఉంటాయి. కాబట్టి ఆ తొమ్మిది వచనాలు ఇకనుండి పురుషుల కూడికల్లో చదువుదాం.

ప్రభువు మన కుమారులకు మెలకువ గల మనస్సును, మన కుమార్తెలకు నిర్భయమైన ప్రయాణమును దయచేయును గాక. ఆమేన్.