ఉప్పు నుంచి థైరాయిడ్ దాకా

కంకిపాడులో ఏ కిరాణా కొట్టుకెళ్లినా ఉప్పు ప్యాకెట్ మీద నవ్వుతున్న సూర్యుడి గుర్తు కనిపిస్తుంది. అయొడిన్ కలిపిన ఉప్పని దాని అర్థం. ఆ గుర్తు వెనక 130 ఏళ్ల శాస్త్రకృషి ఉంది.

థైరాయిడ్ గ్రంథిలో అయొడిన్ ఉందని 1895లో జర్మనీలో యూజెన్ బౌమాన్ కనిపెట్టాడు. నెత్తుట్లో లేశమాత్రంగా ఉండే అయొడైడ్ (అయొడిన్ అయాన్ రూపం), గొంతులోని ఆ చిన్న గ్రంథిలో ఎన్నో రెట్లు ఎలా పోగవుతోంది? జవాబు జంతువుల్లో వెతికారు. కుక్కల థైరాయిడ్ దాన్ని ఎంత వేగంగా పీల్చుకుంటుందో అమెరికాలో డేవిడ్ మెరైన్ చూపించాడు. 1938లో బోస్టన్ పరిశోధకులు కుందేళ్లకు రేడియోధార్మిక అయొడిన్ ఇచ్చారు. దాని అర్ధాయువు 25 నిమిషాలే అయినా, అది గ్రంథిలోకి చేరడం కొలవగలిగారు. 1948లో ఊల్ఫ్, చైకాఫ్ ఎలుకల్లో మరో వింత చూశారు: అయొడైడ్ మితిమీరితే గ్రంథి హార్మోన్ తయారీని తాత్కాలికంగా ఆపేస్తుంది.

అయొడైడ్ గ్రంథి కణాల్లోకి వెళ్లే అసలు ద్వారం దొరికింది 1996లో. నా దృష్టిలో ఈ చరిత్రలోకెల్లా అందమైన ప్రయోగం అదే. కప్ప అండాలకు అయొడైడ్‌ను పోగుచేసుకునే శక్తి లేదు. న్యూయార్క్‌లో నాన్సీ కరాస్కో బృందం ఎలుక థైరాయిడ్ కణాల ఆర్ఎన్ఏను వాటిలోకి ఎక్కించగానే ఆ శక్తి వచ్చింది. అలా ఆ పని చేసే ప్రొటీన్‌ను, దాని జన్యువును పట్టుకున్నారు. కణం తనలోని సోడియంను నిరంతరం బయటికి తోడేస్తుంది. అది మళ్లీ లోపలికి రావాలని చూస్తుంది. బందరు కాలువలో నీటివాలున పడవ సాగినట్టు, లోపలికొచ్చే రెండేసి సోడియం అయాన్లతో ఒక్కో అయొడైడ్ వచ్చేస్తుంది.

ఈ కథలో మన శ్రీకాకుళం బిడ్డ ఉన్నాడు. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, హిమాలయాల్లో థైరాయిడ్ గ్రంథి ఉబ్బే జబ్బైన గాయిటర్‌కు మూలం అయొడిన్ లోపమేనని తేల్చినవారిలో ముఖ్యుడు. అయొడిన్ అందక ఆకలిగొన్న గ్రంథి, దొరికిన కాస్తనూ మామూలుకన్నా ఆత్రంగా లాక్కుంటుంది. 1956లో కాంగ్డా లోయలో లక్షమందికి పైగా జనాభాలో ఆయన బృందం మొదలుపెట్టిన ఉప్పు ప్రయోగం గాయిటర్‌ను బాగా తగ్గించింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మన బడి పాఠాల్లో ఆయనకు చోటుండాలి.

ఊరగాయకు కళ్లుప్పు కొనడం మన అలవాటే. రోజువారీ వంటకు మాత్రం సూర్యుడి గుర్తున్న ఉప్పే వాడండి, తడి తగలకుండా మూతపెట్టి ఉంచండి. ఇంట్లో గర్భిణి ఉంటే మరీ జాగ్రత్త: ఆమెకు రోజుకు 250 మైక్రోగ్రాముల అయొడిన్ కావాలి.