విద్యుచ్చికిత్స – జ్ఞాపకశక్తి – మాతృభాష

నేడు నాందేడ్ జిల్లాలోనున్న ఇస్లాపూర్ ప్రాంతము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునందు, ఆదిలాబాదు జిల్లా బోథ్ తాలూకాలోనిది. నిజాము కాలమున జాల్నాలోనుండిన మానసిక రోగుల ఆసుపత్రి 1950ల తొలినాళ్లలో హైదరాబాదునందలి ఎర్రగడ్డకు తరలెను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగగా ఎర్రగడ్డ ఆంధ్రప్రదేశమునకును, ఇస్లాపూర్ బొంబాయి రాష్ట్రమునకును చెందినవి. సరిహద్దులు మారినను ఇచ్చటి తెలుగువారి ఇంటిభాష మారలేదు. మానసిక వైద్యమున దీని ప్రాముఖ్యమెంతయో విద్యుచ్చికిత్సా చరిత్రము తెలుపగలదు.

1938 ఏప్రిల్‌లో రోము నగరమున సెర్లెట్టి, బీనీ అను వైద్యులు ఈ చికిత్సను ప్రారంభించిరి. విద్యుత్తుచే మెదడునందు మూర్ఛ పుట్టించుటయే దీని పద్ధతి. తొలినాళ్లలో మత్తుమందు లేకయే చేయుటచే ఎముకలు విరుగుటయు కలదు. 1950లలో కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ వాడుకలోనికి రాగా ఆ ప్రమాదము తగ్గెను. తీవ్రమైన విషాదరోగమునకు ఇది నేటికిని మిక్కిలి ఫలప్రదమైన చికిత్స. ఇక మిగిలిన చిక్కు మరపు.

1975లో అమెరికాయందు స్క్వయర్ మున్నగువారు, ఒక్క ఋతువు మాత్రమే ప్రసారమైన టెలివిజన్ కార్యక్రమములను గూర్చి రోగులను ప్రశ్నించిరి. చికిత్సానంతరము వారు ఇటీవలి వానిని మరచిరి, పాతవి నిలిచినవి. 2010లో సెంకోవ్‌స్కా, మెక్‌లాఫ్లిన్ 84 పరిశోధనలను క్రోడీకరించి, గ్రహణశక్తుల లోపము ప్రధానముగ మొదటి మూడు దినములకే పరిమితమని తేల్చిరి. కాని 2003 నాటి బ్రిటిషు సమీక్షలో, రోగులలో కనీసము మూడవవంతు తమకు స్మృతినష్టము నిలిచిపోయినదని చెప్పికొనిరి. ఈ రెండును పరస్పర విరుద్ధములు కావు. క్రొత్తది నేర్చుశక్తి వేఱు. తన బ్రతుకును గూర్చిన జ్ఞాపకము వేఱు.

ఆ రెండవదానిని కొలువవలెనన్న రోగి యెఱిగిన విషయములనే, యెఱిగిన భాషలోనే అడుగవలెను. ఇస్లాపూర్ తెలుగు వృద్ధురాలు మరాఠీ ప్రశ్నకు బదులీయనిచో అది మరపో, భాష తెలియమియో ఎవరు నిర్ణయింపగలరు? అమెరికా టెలివిజన్ పేర్లు ఆమెకు నిరుపయోగములు. బిడ్డల పెండ్లిండ్లు, సహస్రకుండ జలపాత యాత్ర, ఊరిలోని కఱవు ఆమెకు కొలతలు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మత్తుమందును, కండరములను సడలించు మందును ఇయ్యక ఈ చికిత్స చేయుటను నిషేధించినది. రోగికి తెలియు భాషలో సమాచారమీయవలెననియు విధించినది. కావున చికిత్సకు ముందే ఇంటివారు రోగి జ్ఞాపకములను కొన్నిటిని తెలుగులో వ్రాసి వైద్యునకు అందజేయుట మేలు. పిమ్మట ఏది పోయినదో, ఏది నిలిచినదో ఆ కాగితమే తెలుపగలదు.